చిన్న గుర్తులో పెద్ద లెక్క

ఒక మనిషిని గూర్చి చెప్పడానికి ఒక్క సంఖ్య చాలదు. వయస్సు, ఎత్తు, పుట్టిన ఊరు, ఓడ ఎక్కిన రేవు, దిగిన సంవత్సరము, వెంట వచ్చినవారు, చేరిన ఎస్టేటు - ఇవి అన్నీ వేరువేరు లక్షణములు. అటువంటి మనుష్యులు రెండు వందలమంది ఉంటే పట్టిక ఎన్నో పుటలు నిండుతుంది. పట్టికలో ప్రతి గడి సరిగానే ఉండవచ్చును. కాని చదివేవారు చివరి వరుసకు చేరేసరికి మొదటి వరుసను మరచిపోతారు. ఎవరు ఎవరిని పోలి ఉన్నారు, ఎవరు గుంపునుండి విడిగా ఉన్నారు అన్నది కంటికి అందదు.

ఈ ఇబ్బందికి శాస్త్రజ్ఞులు కనుగొన్న ఉపాయము ఏమనగా, పట్టికలోని ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క చిన్న బొమ్మ గీయడము. బొమ్మలోని ఒక్కొక్క భాగము ఒక్కొక్క లక్షణమును చెబుతుంది. గీత పొడవు ఒకటి చెబితే, వృత్తము నిండిన తీరు మరొకటి చెబుతుంది, తోక తిరిగిన దిక్కు ఇంకొకటి చెబుతుంది. ఇట్టి బొమ్మను ఆంగ్లములో గ్లిఫ్ అంటారు. ఈ వ్యాసములో మనము దానిని గుర్తుబొమ్మ అని పిలుచుకొందాము.

ఇది మన పత్రికకు తగిన విషయమేనా అని కొందరు పాఠకులు అడుగవచ్చును. మన మారిషస్‌లో ఎన్నో కుటుంబములవారు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రపరచిన వలస రికార్డులనుండి తమ పూర్వుల వివరములు తెచ్చుకొని, వంశవృక్షములు తయారు చేసుకొంటున్నారు. ఆ వివరములను ఒక్కచోట చేర్చి పిల్లలకు చూపవలెనన్న కోరిక కలగడము సహజము. అప్పుడు గుర్తుబొమ్మ గీయడము ఎలాగో తెలిసి ఉండాలి. తెలియక గీసిన బొమ్మ చూడడానికి అందముగానే ఉంటుంది, కాని అబద్ధము చెబుతుంది. మన పెద్దలను గూర్చి ఇప్పటికే ఎన్నో తప్పులు వ్రాయబడి ఉన్నవి. వాటికి మనము మరొకటి చేర్చరాదు.

ఇంటిలోని గుర్తుబొమ్మ

గుర్తుబొమ్మ మనకు కొత్తది కాదు. జాతకచక్రమును చూడండి. జ్యోతిషమును నమ్మడము, నమ్మకపోవడము వేరే మాట; బొమ్మగా మాత్రమే దానిని పరిశీలిద్దాము. మన దక్షిణాది పద్ధతిలో చతురస్రము అంచు చుట్టూ పన్నెండు గడులు ఉంటాయి, మధ్య భాగము ఖాళీగా ఉంటుంది. పై వరుసలో ఎడమ మూల గడి ఎప్పుడూ మీనము, దాని ప్రక్కది మేషము, అక్కడనుండి గడియారపు ముల్లు తిరిగే వైపుగా తక్కిన రాశులు. గడిలో రాశి పేరు వ్రాయనక్కరలేదు. స్థానమే ఆ మాట చెబుతుంది. గ్రహముల పేర్లలో మొదటి అక్షరములు వ్రాస్తే చాలు. తొమ్మిది గ్రహములు, లగ్నము, మొత్తము పది విషయములు అరచేయంత చోటులో ఇముడుతున్నవి.

మన పొరుగున ఉన్న భోజపురి కుటుంబముల పురోహితులు అదే జాతకమును ఇంకొక విధముగా గీస్తారు. చతురస్రములో ఏటవాలు గీతలు గీసి వజ్రపు ఆకారములు చేస్తారు. అక్కడ పైన మధ్యలో ఉన్న గడి ఎప్పుడూ లగ్నము. స్థానము భావమును చెబుతుంది; రాశిని అంకెతో వ్రాస్తారు. రెండింటిలోను వివరములు ఒకటే. కాని మన చక్రములో ఏ గ్రహము ఏ రాశిలో ఉన్నదో చూడగానే తెలుస్తుంది. వారి చక్రములో ఏ భావములో ఉన్నదో చూడగానే తెలుస్తుంది. దీనినుండి మొదటి పాఠము నేర్చుకోవచ్చును. ఏ ప్రశ్నకు తొందరగా జవాబు కావాలో ముందు నిర్ణయించుకొని, ఆ లక్షణమునకు స్థిరమైన స్థానము ఇవ్వాలి.

వాతావరణ పటములోని గుర్తుబొమ్మ

ప్రపంచమంతట ప్రతి దినము ఎక్కువగా వాడే గుర్తుబొమ్మలలో వాతావరణ శాస్త్రజ్ఞులది ఒకటి. ఈ శాస్త్రమునకు మన ద్వీపముతో పాత సంబంధము కలదు. 1851లోనే ఇక్కడ వాతావరణ సంఘము ఏర్పడినది. దాని స్థాపకులలో ముఖ్యుడైన చార్లెస్ మెల్డ్రమ్ పోర్ట్ లూయీ రేవుకు వచ్చే ఓడల లాగ్‌బుక్కులనుండి గాలి, పీడనముల వివరములు సేకరించి పటములు గీయించెను. మన పూర్వులు దిగిన రేవు కూడా అదే. మనుష్యుల వివరములు ఒక కార్యాలయములో పట్టికలకు ఎక్కుతూ ఉండగా, గాలుల వివరములు మరొకచోట పటములకు ఎక్కుతూ ఉండెను.

నేటి వాతావరణ పటములో ఒక్కొక్క పరిశీలనా కేంద్రమునకు ఒక చిన్న వృత్తము గీస్తారు. ఆకాశములో మేఘములు ఎంత ఉన్నవో ఆ వృత్తము నిండిన తీరు చెబుతుంది. ఆకాశమును ఎనిమిది భాగములుగా లెక్కిస్తారు. నాలుగు భాగములు మబ్బు ఉంటే సగము వృత్తము నల్లగా ఉంటుంది, అంతా మబ్బయితే వృత్తమంతా నల్లగా ఉంటుంది. వృత్తమునుండి ఒక కాడ బయలుదేరుతుంది. గాలి ఏ దిక్కునుండి వస్తున్నదో కాడ ఆ దిక్కుకు ఉంటుంది. కాడ చివర ఈకలు ఉంటాయి. చిన్న ఈక 5 నాట్లు, పెద్ద ఈక 10 నాట్లు, త్రికోణపు జెండా 50 నాట్లు. ఒక జెండా, రెండు పెద్ద ఈకలు, ఒక చిన్న ఈక ఉంటే గాలి వేగము 75 నాట్లు అని కూడుకోవచ్చును.

ఎడమ ప్రక్కన పైన ఉష్ణోగ్రత, క్రింద తుషార బిందువు, ఆ రెంటి మధ్య వర్షమో ఉరుమో తెలిపే గుర్తు ఉంటాయి. కామా ఆకారము తుంపర, చుక్క వాన, నక్షత్రము మంచు. ప్రక్క ప్రక్కన రెండు చుక్కలు ఉంటే ఎడతెగని చిన్న వాన. నాలుగు చుక్కలు ఉంటే ఎడతెగని పెద్ద వాన. కుడివైపు పైన పీడనము, దాని క్రింద గడచిన మూడు గంటలలో పీడనము ఎంత మారినదో ఉంటాయి. ఇన్ని విషయములు చెప్పే బొమ్మ వేలిగోరంత చోటులో సరిపోతుంది.

ఈకలను గూర్చి మరొక విశేషము కలదు. వాటిని కాడకు ఎప్పుడూ అల్పపీడనము ఉన్న వైపు గీస్తారు. గాలికి వీపు పెట్టి నిలబడితే, మన దక్షిణార్ధ గోళములో అల్పపీడనము సుమారుగా కుడిచేతి వైపు ఉంటుంది. ఉత్తరార్ధ గోళములో ఎడమచేతి వైపు ఉంటుంది. కనుక ఒకే దిక్కునుండి ఒకే వేగముతో వీచే గాలిని విశాఖపట్నములో ఒక విధముగాను, పోర్ట్ లూయీలో దానికి అద్దములోని నీడవలెను గీస్తారు. మన తాతలు సముద్రము దాటినప్పుడు గాలి గుర్తు కూడా ప్రక్క మార్చుకొన్నదన్నమాట.

గాలి లేదు, కాని గాలివాన ఉన్నది

ఇన్ని లక్షణములు ఒకే బొమ్మలో ఎందుకు? గాలికి ఒక పటము, పీడనమునకు ఒక పటము వేరుగా గీస్తే చాలదా? దీనికి జవాబు మన పెద్దల అనుభవములోనే ఉన్నది.

1960 ఫిబ్రవరి 27, 28 తేదీలలో కరోల్ గాలివాన మన ద్వీపము మీదుగా పోయినది. గాలి గంటకు 256 కిలోమీటర్ల వేగము అందుకొన్నది. పీడనము 943 హెక్టోపాస్కల్‌లకు దిగినది. పూరిళ్ళు, రేకుల ఇళ్ళు వేలాదిగా కూలిపోయినవి. గాలివాన నడిమి భాగమైన కన్ను ద్వీపము మీదికి వచ్చినప్పుడు గాలి ఆగిపోయినది. కన్ను దాటిపోగానే గాలి ఎదురు దిక్కునుండి తిరిగి వస్తుంది. ఆ సంగతి తెలియనివారు గాలి ఆగగానే బయటికి వెళ్ళి ప్రమాదములో పడుతారు.

కన్ను క్రింద ఉన్న కేంద్రమునకు గుర్తుబొమ్మ ఎలా ఉంటుంది? గాలి లేనప్పుడు కాడ ఉండదు. వృత్తము చుట్టూ మరొక వృత్తము గీస్తారు. ఆ ఒక్క గుర్తు చూస్తే ప్రశాంతముగా ఉన్నదనుకొంటాము. ప్రక్కన ఉన్న పీడనము చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. గాలి లేకపోవడము ఒక లక్షణము, పీడనము దిగిపోవడము ఒక లక్షణము. రెండూ ఒక్కచోట కనబడితేనే మూడవ మాట, అనగా మనము కన్ను క్రింద ఉన్నామన్న మాట, బయటపడుతుంది. గుర్తుబొమ్మ విలువ ఇదే.

అయితే ఇక్కడ ఒక గోతి కూడా కలదు. చోటు కలిసివచ్చుటకు పీడనమును మూడంకెలతోనే వ్రాస్తారు. 1013.2 అయితే 132 అని, 987.4 అయితే 874 అని. చదివేవారు, మూడంకెల సంఖ్య 500కు తక్కువయితే ముందు 10, ఎక్కువయితే ముందు 9 చేర్చుకొంటారు. మామూలు రోజులలో ఇది చక్కగా పనిచేస్తుంది. కాని పీడనము సరిగా 943.0 అయినదనుకొందాము. దానిని 430 అని వ్రాస్తారు. నియమము ప్రకారము చదివితే 1043.0 అవుతుంది! గాలి లేదు, పీడనము హెచ్చుగా ఉన్నది, కనుక దివ్యమైన వాతావరణము అని బొమ్మ చెప్పినట్లవుతుంది. ప్రక్క కేంద్రముల బొమ్మలు, మూడు గంటల క్రిందటి బొమ్మ చూచినవారు మోసపోరు. ఒక్క బొమ్మనే చూచినవారు మోసపోతారు. క్లుప్తముగా వ్రాసే ప్రతి పద్ధతి మామూలు సంగతులకు అనుకూలముగా ఉంటుంది. అసాధారణమైన సంగతి వచ్చినప్పుడే తడబడుతుంది.

కిరణములు, ముఖములు

పటము లేని వివరములకు గుర్తుబొమ్మలు గీయడము కూడా పాత పనియే. 1877లో జర్మనీ గణాంక శాస్త్రవేత్త గియోర్గ్ ఫాన్ మాయర్ నక్షత్రపు ఆకారములో చిత్రములు గీసెను. మధ్య బిందువునుండి ఒక్కొక్క లక్షణమునకు ఒక కిరణము గీసి, కిరణముల చివరలను కలిపితే నక్షత్రము వస్తుంది. 1957లో అమెరికా వృక్షశాస్త్రవేత్త ఎడ్గర్ ఆండర్సన్ మొక్కల పరిశీలనకు ఇంకా తేలికైన పద్ధతి చెప్పెను. ఒక చిన్న వృత్తము, దానికి కొన్ని కిరణములు. ఒక్కొక్క కిరణము మూడు విధములే: లేకపోవడము, పొట్టిగా ఉండడము, పొడుగుగా ఉండడము. అంతకంటె సూక్ష్మమైన తేడాలు కన్ను చూడలేదని ఆయన ఎరుగును. ఆయన దానికి మెట్రోగ్లిఫ్ అని పేరు పెట్టెను. భారతదేశములో కొత్త వంగడములు తయారు చేసే శాస్త్రజ్ఞులు ఆ పద్ధతిని ఎంతో వాడిరి.

1973లో హెర్మన్ చెర్నాఫ్ అనే గణాంక శాస్త్రవేత్త మనిషి ముఖమునే గుర్తుబొమ్మగా చేసెను. ముఖము వెడల్పు ఒక లక్షణము, కనుబొమల వంపు ఒకటి, ముక్కు పొడవు ఒకటి, నోటి వంపు ఒకటి. ఇట్లు 18 లక్షణముల వరకు ఒక ముఖములో చూపవచ్చునని చెప్పెను. ముఖములను గుర్తుపట్టడము మనకు పసితనమునుండి వచ్చిన విద్య కనుక ఇది తెలివైన ఆలోచనే. కాని ముఖములో అన్ని భాగములకు సమానమైన బలము లేదు. నోరు, కళ్ళు ముందు కనబడుతాయి. చెవులను ఎవరూ చూడరు. పైగా నోరు క్రిందికి వంగితే దుఃఖమనుకొంటాము. అక్కడ చూపినది వర్షపాతము అయినా సరే, జాలి కలుగుతుంది. ఏ లక్షణమును ఏ భాగమునకు ఇచ్చారన్న దానినిబట్టి చూచేవారు చేసే తప్పులు పెరగవచ్చును, తగ్గవచ్చును అని 1975లో చెర్నాఫ్, రిజ్వి అనే మరొక శాస్త్రజ్ఞునితో కలిసి తానే పరీక్షించి చూపెను.

నక్షత్రములోను ఇట్టి చిక్కే కలదు. ఆరు లక్షణములు ఉన్నవి, మూడింటి కిరణములు 3 అంగుళములు, మూడింటివి 1 అంగుళము అనుకొందాము. పెద్దవి ఒకచోట, చిన్నవి ఒకచోట వరుసగా ఉంచి నక్షత్రము గీయండి. తరువాత పెద్దది, చిన్నది, పెద్దది, చిన్నది అని మార్చి గీయండి. లెక్కలు ఏమీ మారలేదు. కాని రెండు నక్షత్రముల వైశాల్యములు 26కు 18 చొప్పున ఉంటాయి. మొదటిది లావుగా, రెండవది బక్కగా కనబడుతుంది. లావును చూచి ఇది గొప్పది అనుకొంటే ఆ గొప్ప కేవలము వరుసలోనిది. ఈ తమాషాను పై తరగతి పిల్లల చేత గళ్ళ కాగితము మీద చేయించితే త్రికోణముల పాఠము కూడా అవుతుంది.

కంటి బలమును గూర్చి 1984లో క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చేసిన పరీక్షలు ప్రసిద్ధమైనవి. ఒకే కొలబద్ద మీద ఉన్న స్థానములను మనము అన్నింటికంటె సరిగా పోల్చగలము. ఆ తరువాత పొడవులను, కోణములను. వైశాల్యములను అంతకంటె తక్కువగా పోల్చగలము. కనుక ముఖ్యమైన లక్షణమును స్థానముతోగాని పొడవుతోగాని చూపాలి. వృత్తము వ్యాసమును రెండింతలు చేస్తే వైశాల్యము నాలుగింతలు అవుతుందని మరవరాదు.

మన పూర్వుల పట్టిక

ఇప్పుడు మన సంగతికి వద్దాము. 1834నుండి 1920 వరకు సుమారు అయిదు లక్షలమంది ఒప్పందపు కూలీలు ఈ ద్వీపమునకు వచ్చిరి. ఒక్కొక్కరికి ఒక నెంబరు ఇచ్చి వివరములు వ్రాసిరి: ఓడ పేరు, పేరు, తల్లిదండ్రులలో ఒకరి పేరు, వయస్సు, కులము, ఎత్తు, ఒంటిమీది మచ్చలు, పుట్టిన చోటు. ఎత్తు, మచ్చలు ఎందుకు? సెలవు లేకుండా ఎస్టేటు విడిచిన మనిషిని పట్టుకొని గుర్తించడానికి. 1867 చట్టము తరువాత పాత కూలీల టిక్కెట్టుకు ఛాయాచిత్రము కూడా చేర్చిరి. ఆ పట్టిక ఎవరి అవసరము కొరకు గీయబడినదో దాని గడులే చెబుతున్నవి. ఏ భాషలో మాట్లాడేవారు, ఊరిలో ఎవరిని విడిచి వచ్చారు, ఏ పాట పాడుకొనేవారు అన్నవాటికి గడులు లేవు.

మనలను కోరంగివారు అని పిలిచిన సంగతి అందరికీ తెలిసినదే. గోదావరి ముఖములోని కోరంగి రేవు పేరు అది. ఆలోచిస్తే అది కూడా ఒక గుర్తే. ఒక్క లక్షణమును, రేవును, మాత్రము చెప్పి ఊరిని, భాషను, ఇంటిపేరును మరుగుపరచిన గుర్తు. మద్రాసు రేవున ఎక్కినవారిలో తమిళులు, తెలుగువారు ఇద్దరూ ఉన్నారు. రేవును చూచి భాష చెప్పలేము.

మన కుటుంబ చరిత్రకు గుర్తుబొమ్మ గీయాలంటే మేము ఇట్లు చేయమంటాము. పెద్ద కాగితము మీద ఎడమనుండి కుడికి సంవత్సరముల గీత గీయండి. ఎవరు ఏ సంవత్సరములో దిగిరో అక్కడ వారి బొమ్మ పెట్టండి. స్థానము వాడుకలోకి వచ్చినది. ఒక్కొక్కరికి ఒక చిన్న వృత్తము. పైకి ఒక కిరణము వయస్సు: 20 ఏండ్లలోపు పొట్టి, 20నుండి 30 వరకు మధ్యరకము, ఆ పైన పొడుగు. ఎడమకు ఒక కిరణము పుట్టిన చోటు: జిల్లా మాత్రమే తెలిస్తే పొట్టి, తాలూకా తెలిస్తే మధ్యరకము, ఊరు తెలిస్తే పొడుగు. కుడికి వెంట వచ్చిన బంధువులు, ఒక్కరికి ఒక్క చిన్న గీత. క్రిందికి ఎస్టేటులో ఒప్పందము మీద పనిచేసిన సంవత్సరములు. నాలుగే కిరణములు. ఎత్తు, మచ్చలు వదలివేయవచ్చును. వాటితో మనకు పని లేదు.

ఇక అన్నింటికంటె ముఖ్యమైన నియమము. లేదు అన్నది వేరు, తెలియదు అన్నది వేరు. వాతావరణ పటములో గాలి లేదని తెలిస్తే ఆ సంగతి చెప్పుటకే రెండవ వృత్తము గీస్తారని చూచితిమి కదా. ఊరికే కాడ మానివేయరు. మనము కూడా అట్లే చేయాలి. ఒకామె 24 ఏండ్ల వయస్సులో వచ్చినది, విశాఖపట్నము జిల్లా అని మాత్రమే వ్రాసి ఉన్నది, వెంట ఎవరు వచ్చిరో వివరము లేదు అనుకొందాము. ఆమెకు పైన మధ్యరకపు కిరణము, ఎడమకు పొట్టి కిరణము గీస్తాము. కుడివైపు ఏమీ గీయకపోతే ఆమె ఒంటరిగా వచ్చినదని మనుమలు చదువుకొంటారు. అక్కడ చుక్కల గీత గీయాలి: ఇంకా తెలియదు, వెదకవలసి ఉన్నది అని దాని అర్థము. నిజముగా ఒంటరిగానే వచ్చినట్లు రుజువు దొరికితే, వృత్తము చుట్టూ రెండవ వృత్తము గీయాలి. ఒంటరితనము కూడా చెప్పదగిన సంగతియే. అది ఖాళీ చోటు కాదు.

ఇట్లు గీసిన కాగితమును గోడకు తగిలించి దూరమునుండి చూడండి. చుక్కల గీతలు ఎక్కడ ఎక్కువగా ఉన్నవో అక్కడ వెదకడము మొదలు పెట్టవచ్చును. ఎడమ కిరణములు పొడుగుగా ఉన్న కాలము ఏది, పొట్టిగా ఉన్న కాలము ఏది అన్నది చూస్తే, మనుష్యులను గూర్చే గాక వ్రాసిన గుమాస్తాల శ్రద్ధను గూర్చి కూడా కొంత తెలుస్తుంది. కాగితము మూలలో ప్రతి గుర్తుకు అర్థము తప్పక వ్రాయండి. యాభై సంవత్సరముల తరువాత చూచేవారికి మనము ప్రక్కన ఉండము.

గుర్తుబొమ్మ గీసేవారు కూడా ఒక విధమైన గుమాస్తాలే. ఏ గడి ఉంచాలి, ఏది తీసివేయాలి అన్న అధికారము వారి చేతిలో ఉంటుంది. ఆ అధికారము ఒకప్పుడు మన పూర్వుల చేతిలో లేదు. నేడు మన చేతిలో ఉన్నది. కనుక ప్రతి వృత్తము క్రింద ముందుగా పేరు వ్రాయండి, రికార్డులో ఉన్న అక్షరములతోను, ఇంటిలో పిలిచిన తీరులోను. నెంబరు దాని తరువాత వ్రాయవచ్చును.